ఇరుసులో లప్పం

14

లొవైనా ఆ ఇనప ముక్కని భోజనాల బల్ల మీద పడేసింది. కింద ఉన్న పింగాణీ పళ్లెం రెండుగా పగిలింది. పక్కింటివాళ్లు పెట్టి వెళ్లిన యాపిల్ రొట్టె జారి నేలమీద పడింది.

"తిను నాన్నా," అంది. "నీ అల్లుణ్ణి తిన్నది ఇదే. నువ్వూ కాస్త రుచి చూడు."

ముసలి జెత్రో కిట్రెజ్ కదల్లేదు. ఆయన ముందున్న కాఫీ చల్లారి మీగడ కట్టింది.

తలుపు అవతల ముందుగదిలో శవపేటిక ఉంది. అందులో లొవైనా మొగుడు హైరమ్ ఉన్నాడు. మూతకి మేకులు కొట్టేశారు. చూపించడానికి ముఖం మిగిలితే కదా మూత తెరిచి ఉంచడానికి. గోడ గడియారాన్ని నిన్న మధ్యాహ్నమే ఆపేశారు. అద్దానికి నల్లగుడ్డ కప్పారు. చావొచ్చిన ఇంట్లో చెయ్యాల్సినవన్నీ చేశారు, నిజం చెప్పడం ఒక్కటి తప్ప.

"గొంతు తగ్గించు," అన్నాడు ఆరిన్, కిటికీ రెక్క మూస్తూ. లొవైనాకి అన్న, కిట్రెజ్ కార్ల కంపెనీకి మేనేజరు. "వీధిలో జనం ఉన్నారు."

"విననీ."

"విని ఏం చేస్తారు? కారు బోల్తా కొట్టింది. వేగంగా దిగాడు. నీ మొగుడికి వేగం పిచ్చి. ఊరందరికీ తెలుసు."

"నా మొగుడు ఆ క్వారీ దిగుడు మీద ఏనాడన్నా బూర మోగించకుండా దిగాడా? మూడుసార్లు. రాళ్లబళ్ల వాళ్లు గుర్రాల్ని పక్కకి లాక్కునేదాకా పైన ఆగి, అప్పుడు దిగేవాడు. అలాంటోడికి వేగం పిచ్చా?"

నిన్న కూడా మోగించాడు. మూడు కూతలూ ఊరంతా విన్నది. మూడోది అయ్యాక సగం దిగుడులో ముందు చక్రం ఒకటి విడిగా, ముందుగా, ఒంటరిగా దొర్లుకుంటూ వచ్చింది. దాని వెనక కారొచ్చింది.

ద్వారం దగ్గర టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డ మనిషి దగ్గాడు. ఎమెరిక్ స్టోల్జ్. రంగుల గదికి మేస్త్రీ. ఈ తెల్లవారుజామున గోతిలోకి దిగి, బురదలోంచి ఆ ముక్క తవ్వి తెచ్చింది ఇతనే.

"దీన్ని ఇంట్లోకి తెచ్చింది నువ్వా?" అన్నాడు ఆరిన్.

"నేనే సార్."

"రంగులు పూసేవాడివి. రంగులు పూసుకోక శవం బట్టలు వెతుకుతావేం?"

"రంగు పూసింది నేనే కాబట్టి వెతికా సార్. నా రంగు కింద ఏముందో నాకు తెలియాలి కదా."

లొవైనా ఆ ముక్కని తిప్పింది. ముందు ఇరుసు కొస అది. విరిగిన చోట సగం ఇనుము తాజాగా, బూడిదరంగులో మెరుస్తోంది. మిగతా సగం మెరవడం లేదు. అక్కడ ఇనుమే లేదు. గట్టిపడ్డ తెల్లటి లప్పం ఉంది. బీటలో కుక్కి, నున్నగా అదిమి, దాని మీద పదహారు పూతలు పూసిన లప్పం.

రంగు పెచ్చు ఊడిన చోట ఆ లప్పం మీద ఒక బొటనవేలి ముద్ర ఉంది. గుండ్రంగా లేదు. ఒకపక్క కత్తిరించినట్టు తిన్నగా ఉంది.

ఆ ముద్ర తెలియని మనిషి ఈ ఊళ్లో లేడు. జెత్రో కిట్రెజ్ కుడి బొటనవేలి కొస పదమూడో ఏట రంపం కింద పోయింది. ఆ తర్వాత నలభై ఏళ్లు గుర్రపు బగ్గీలు చేశాడు. ప్రతి బగ్గీలో, చెక్క బీటిచ్చిన ప్రతి చోటా, తెల్లసీసం లప్పం తనే స్వయంగా అదిమేవాడు. రంగుల గదిలో కుర్రాళ్లు దాన్ని పెద్దాయన ముద్ర అనేవాళ్లు. అది ఉన్న బగ్గీ ముప్పై ఏళ్లు నడిచేది. అబద్ధం కాదు, నడిచేది.

ఎందుకంటే అది చెక్క.

"నీ వేలు ఇలా పెట్టు నాన్నా," అంది లొవైనా.

జెత్రో చెయ్యి ఒళ్లో దాచుకున్నాడు. లొవైనా ఆ చెయ్యి పట్టుకుని లాగింది. ఆయన గింజుకున్నాడు. కుర్చీ వెనక్కి పడింది, ఆయనా పడ్డాడు. ఆమె ఆయన ఛాతీ మీద మోకాలేసి, వేలు పట్టుకుని, ఆ ముక్క మీద అదిమింది. సరిపోయింది. గాజుసీసాకి బిరడా సరిపోయినట్టు సరిపోయింది.

"లొవైనా! ఆయన ముసలాడు!" ఆరిన్ ఆమె జుట్టు పట్టుకుని వెనక్కి లాగాడు.

"హైరమ్‌కి ముసలితనం కూడా రాలేదురా!"

జెత్రో నేల మీదే కూర్చున్నాడు. రొట్టె ముక్కలు ఆయన చొక్కాకి అంటుకున్నాయి. ఒక ముక్క దులిపి నోరు విప్పాడు.

"బీట కనపడింది. నింపా. నలభై ఏళ్లుగా బీట కనపడితే నింపుతా. చేతికి తేడా తెలీలేదమ్మా."

"ఇనుముకీ చెక్కకీ తేడా తెలీలేదా?"

"వీడే కదా, సుత్తితో కొట్టి చేసిన ఇరుసులు వద్దు, పోతపోసినవి చాలు, చవగ్గా ఉన్నాయన్నాడు. పది వచ్చాయి. రెంటికి బీటలు. వెనక్కి పంపుదామన్నా. టైం లేదన్నాడు. రంగు కింద ఏది కనపడుద్ది నాన్నా, అన్నాడు."

"అవును, అన్నాను," అన్నాడు ఆరిన్. "లప్పం పెట్టి బిగించమన్నానా?"

"లప్పం పెట్టకుండా బీటని చూస్తూ ఎలా ఊరుకుంటాను రా?"

వినండి. కార్లు చెయ్యడానికి దిగిన బగ్గీవాళ్లు వీళ్లు. తోలు తెలుసు, గుర్రపువెంట్రుకల దిండ్లు తెలుసు, వెండి పూలకుప్పె ఎక్కడ బిగిస్తే దొరసాని చేతికి అందుతుందో తెలుసు. ఒక్కో కారు వెల, దాన్ని చేసినవాడి ఇంటికి అయిదింతలు. రెండేళ్లలో తొమ్మిది చేశారు. ఆ తొమ్మిదీ అద్దంలా మెరిశాయి. లోపల ఉన్నదాని సంగతి అడిగే తీరిక ఎవడికీ లేకపోయింది.

లొవైనా ఒక్కటే అడిగింది.

"రెండన్నావు. రెండోది ఏ కారుకి ఉంది?"

జెత్రో తల అడ్డంగా ఊపాడు. తెలియదని. "రెండూ ఒకే కొక్కేనికి తగిలించా. ఒకదాని వెనక ఒకటి తీసుకెళ్లి బిగించారు. అంతవరకే తెలుసు."

"హైరమ్‌ది ఎనిమిదో నెంబరు," అన్నాడు ఎమెరిక్. "ముందుదైతే ఏడు. వెనకదైతే తొమ్మిది."

"ఏడు కాదు," అన్నాడు ఆరిన్. "డాక్టర్ పెల్ మూడు వారాలుగా దాంట్లో ఊరంతా తిరుగుతున్నాడు. దానికేమైంది? ఏమీ కాలేదు."

"అయితే తొమ్మిది."

"అయినా ఏంటి? దాన్ని కొన్న షికాగో ఆయన మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్తాడు. షికాగోలో కొండలేవి? బల్లపరుపు. ఆ ఇరుసు వాళ్ల మనవడి దాకా నడుస్తుంది."

ఎమెరిక్ టోపీ నలిపేశాడు. లొవైనా అన్న ముఖంలోకి చూసింది, ఇతను ఎవరా అన్నట్టు.

"తొమ్మిది గడప దాటదు," అంది.

"అది ఇవాళ వెళ్లకపోతే రేపు కంపెనీ లేదు. నలభైమందికి పని లేదు. నీ కన్నీళ్లతో వాళ్ల పొయ్యిలు వెలుగుతాయా?" ఆరిన్ కోటు గుండీలు పెట్టుకున్నాడు. "ఇంకోటి కూడా విను. మీ అత్తగారు పదింటి రైల్లో దిగుతుంది. డాక్టరుగారి కారు పంపా, ఆయనే నడిపి తీసుకొస్తానన్నాడు. రాణిలా తెస్తాం. ఏటిగట్టు దారి వరదకి మునిగింది కాబట్టి క్వారీ దిగుడు మీంచే వస్తారు. ఊరు చూడాలి. అదే దిగుడు, అదే కంపెనీ కారు, క్షేమంగా. ఈ కబుర్లన్నీ దాంతో అణిగిపోతాయి."

"కొడుకు చచ్చిన దారిన తల్లిని తెప్పిస్తున్నావా? నీ కబుర్లు అణగడానికి?"

"వేరే దారి లేదంటున్నా కదా."

లొవైనా వెనక్కి తిరిగింది. వంటింట్లోకి వెళ్లింది. బొగ్గులు పగలగొట్టే సుత్తి తీసుకుని పెరటి తలుపులోంచి బయటికి నడిచింది.

వీధి దాటితే కార్ఖానా.

రంగుల గదికి రెండు తలుపులు. ఒకటి మూశాకే రెండోది తెరవాలి. నేల ఎప్పుడూ తడిపి ఉంచుతారు, దుమ్ము లేవకుండా. లోపల పనివాళ్లకి చొక్కాలుండవు. నూలుపోగు ఎగిరి తడి వార్నిష్ మీద వాలితే వారం పని పోయినట్టే. నురగరాయి పొడితో రుద్దుతారు, మళ్లీ పూస్తారు, మళ్లీ రుద్దుతారు. తమ పిల్లల వీపు కూడా ఇంత మెత్తగా ఎన్నడూ రుద్దని చేతులు. యజమాని అయినా సరే, ఆఖరి పూత వేశాక కారు మీద వేలు పెట్టకూడదు. అది అక్కడి నియమం. చర్చిలో కూడా అంత భక్తి ఉండదు.

లొవైనా రెండు తలుపులూ వరసగా తన్ని తెరిచింది.

"అమ్మాయిగారూ! ఉన్నిబట్టలు! నూగు రాలుద్ది!" ఒకడు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"రాలనీ."

"అయ్యో, ఇంకా మధ్యాహ్నందాకా ఆరాలి తల్లీ, అద్దం అది—"

"నీ ముఖం చూసుకోవడానికా? తప్పుకో."

తొమ్మిదో నెంబరు గది మధ్యలో ఉంది. ముదురు ఎరుపు. ఇత్తడి దీపాలు. కిటికీలోంచి పడ్డ ఎండ దాని మీద నీళ్లలా కదులుతోంది. లొవైనా నల్ల ఉన్ని గౌను దాని పక్కకి ఒరుసుకుంది. తలుపు పొడవునా నల్లటి నూగు అంటుకుంది. ఇద్దరు పనివాళ్లు కళ్లు మూసుకున్నారు. నిజంగానే మూసుకున్నారు.

ఆమె ముందు ఇరుసు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని సుత్తి ఎత్తింది.

"ఆగండి," అన్నాడు ఎమెరిక్. వెనకే పరుగెత్తి వచ్చాడు, రొప్పుతున్నాడు. "కొడితే లప్పం పొడైపోద్ది. కొట్టకూడదు. గీకాలి."

"అయితే గీకు."

ఎమెరిక్ చేతిలో ఉలి ఉంది. కారు వైపు చూశాడు. అయిదు వారాలు. పదహారు పూతలు. ఆ మనిషి తన చేతులతో చేసినవాటిలో ఇంత బాగా కుదిరింది ఇంకొకటి లేదు. 

"నా పెళ్లాం అడిగేది, నన్నెప్పుడన్నా అలా చూస్తావా అని," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. చొక్కా విప్పి అవతల పడేసి, కారు కిందకి దూరి, ఎడమ కొస దగ్గర ఉలి పెట్టి తోశాడు. ఎరుపు చిప్పలుగా లేచింది.

ఆరిన్ అప్పుడే వచ్చాడు. చేతిలో కారు ఇంజను తిప్పి లేపే ఇనప కడ్డీ ఉంది.

"బయటికి రా."

"ఎడమ కొస అయిపోనీ సార్."

"బయటికి రారా అంటున్నా!"

ఎమెరిక్ రాలేదు. ఉలి పట్టుకున్న చెయ్యి బయటికే ఉంది. ఆరిన్ కడ్డీతో దాని మీద కొట్టాడు. మణికట్టు విరిగిన చప్పుడు గదిలో అందరూ విన్నారు. పచ్చి కొమ్మ విరిగినట్టు. ఎమెరిక్ అరవలేదు. గాలి పీల్చుకున్నాడంతే. ఇంకోసారి ఎత్తాడు ఆరిన్.

లొవైనా సుత్తితో అన్న మోకాలి మీద కొట్టింది.

అతను దీపం పట్టుకుని పడ్డాడు. దీపం విరిగింది, గాజు చెంపలో దిగింది. పడుతూనే చెల్లెలి గొంతు పట్టుకున్నాడు. ఆమె తల రెండుసార్లు చక్రానికి కొట్టుకుంది. ఎరుపు మీద ఎరుపు. ఆమె పళ్లతో అతని చెయ్యి పట్టింది, వదల్లేదు. పెద్దవాళ్లు, చదువుకున్నవాళ్లు, ఒకే తల్లి పాలు తాగినవాళ్లు, తడినేల మీద కుక్కల్లా కొట్టుకున్నారు. పనివాళ్లు నలుగురు కలిస్తేగానీ విడదీయలేకపోయారు. విడదీస్తూ ఒకడు ఆరిన్ పక్కటెముకల్లో బూటుతో గట్టిగానే తన్నాడు. పొరపాటున తగిలిందన్నాడు. రెండోసారి కూడా పొరపాటేనన్నాడు.

"గీకండి," అన్నాడు ఎమెరిక్, విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని. "నా చెయ్యి పనికిరాదు. మీరు గీకండి రా. రెండు కొసలూ."

గీకారు. ఉలుల చప్పుడు, ఆరిన్ ఉమ్మిన చప్పుడు.

ఎడమ కొస. ఇనుము. శుభ్రమైన ఇనుము.

కుడి కొస. పనివాడు గోరుతో గీరి చూశాడు. నాలుకతో తడిపి చూశాడు. ఉలితో తట్టాడు. గంటలా మోగింది.

"బీట లేదు," అన్నాడు.

ఆరిన్ నవ్వాడు. నోటినిండా నెత్తురు. నేల మీద పడుకునే నవ్వాడు. "చూశావా? చూశావా, పిచ్చిదానా? లేదు. ఇందులో ఏమీ లేదు. బంగారంలాంటి కారుని పాడుచేశావు. ఒక మనిషి చెయ్యి విరగ్గొట్టించావు. నీ తొమ్మిదిలో ఏమీ లేదే! అయితే ఇంక—"

అక్కడ ఆగిపోయాడు.

ఎవరూ ఆపలేదు. తనే ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది, నవ్వు మాత్రం పోయింది.

తలుపులో జెత్రో నిలబడి ఉన్నాడు. బూట్లు లేవు, మేజోళ్లతోనే వీధి దాటి వచ్చాడు. గీకిన ఇరుసు చూశాడు. కొడుకు ముఖం చూశాడు.

"అన్నయ్యా," అంది లొవైనా. గొంతు నొక్కిన చోట మాట సరిగ్గా రాలేదు. "టైమెంతైంది?"

జేబులోంచి గడియారం తీసింది ఎమెరిక్, ఎడమ చేత్తో. "రైలొచ్చి పావుగంటైంది అమ్మాయిగారూ."

మూడు వారాలు డాక్టరు ఆ ఏడో నెంబరులో బల్లపరుపు దారుల్లోనే తిరిగాడు. పేషెంట్ల ఇళ్లు, చర్చి, ఏటిగట్టు. దిగుడు ఒక్కసారి కూడా దిగలేదు. ఇవాళ దిగుతాడు. పక్కన హైరమ్ తల్లి కెజియా ఉంటుంది, ఒళ్లో కొడుకు శవం మీద వేయడానికి తెచ్చిన పూలతో.

"తలుపులు తెరవండి!" లొవైనా తొమ్మిదో నెంబరులోకి ఎక్కబోయి ఆగింది. ముందు కడ్డీతో ఇంజను తిప్పాలి. కడ్డీ ఆరిన్ పక్కన పడి ఉంది. ఎమెరిక్ నెత్తురు అంటి ఉంది. తీసుకుంది.

నడపడం హైరమ్ నేర్పాడు, ఆదివారాలు, అన్నకి తెలియకుండా. మొదట నేర్పింది తిప్పడం. స్టీరింగ్ మీద చిన్న మీట ఉంటుంది, దాన్ని వెనక్కి లాగకుండా తిప్పితే కడ్డీ ఎదురు తన్నుతుంది. ముంజెయ్యి రెండు ముక్కలవుతుంది. మీట దగ్గర ఒకరుండాలి, కడ్డీ దగ్గర ఒకరుండాలి. ఒకరినొకరు నమ్మాలి.

ఆమె తలెత్తేసరికి డ్రైవరు సీట్లో తండ్రి ఉన్నాడు. కొస లేని బొటనవేలు మీట మీద ఉంది.

ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"వెనక్కి లాగా," అన్నాడు జెత్రో. "తిప్పమ్మా."

"ఈసారన్నా నిజంగా లాగావా?"

"నా చేతిని నమ్మకు. వచ్చి చూసుకో."

చూసుకోవడానికి టైం లేదు. తిప్పింది. మొదటిసారి పట్టలేదు. రెండోసారి ఇంజను గర్జించింది. కడ్డీ తన్నలేదు. తండ్రిని పక్కకి నెట్టి ఎక్కింది. పనివాళ్లు చొక్కాల్లేకుండానే వీధిలోకి పరుగెత్తి జనాన్ని తోసేశారు.

శవపేటిక ఉన్న ఇంటి ముందునుంచే పోయింది కారు. మెట్ల మీద ఉన్న ఆడవాళ్లు సిలువ వేసుకున్నారు. ఆరిపోని వార్నిష్ మీద ఊరి దుమ్మంతా వచ్చి అంటుకుంది. క్వారీ దారి ఇరుకు, రెండు కార్లు పట్టవు. ఒకపక్క రాతిగోడ, ఇంకోపక్క గొయ్యి. నిన్నటి చక్రం ముక్కలు ఇంకా గోతిలోనే ఉన్నాయి.

"ఎదురెళ్తే గుద్దుకుంటాం," అన్నాడు జెత్రో.

"తెలుసు."

"గోడవైపు వాళ్లకి వదులు. వాళ్లు గోడకి ఒరుసుకుంటే ఆగుతారు. గొయ్యివైపు మనం ఉండాలి."

"అది కూడా తెలుసు నాన్నా."

దిగుడు అడుగున రాళ్లబండివాడు గుర్రాల్ని పక్కకి లాగుతున్నాడు. పైన, మలుపు అవతల, ఒక బూర మోగింది.

హైరమ్ ఊళ్లో కారున్న ప్రతివాడికీ ఆ అలవాటు నేర్పాడు. డాక్టరు మంచి శిష్యుడు. మర్యాదగా మోగించాడు, ఆగాడు.

రెండోసారి మోగించాడు.

మూడోది మోగితే కారు దిగడం మొదలవుతుంది. లొవైనా మూడో కూత కోసం ఆగలేదు. కారుని గొయ్యి అంచుకి తిప్పి, దిగుడు మీదకి ఎక్కించింది. పక్కన ముసలాడు కుడిచెయ్యి బయటికి చాపి, ఆగమని, ఆగమని ఊపుతూనే ఉన్నాడు. మలుపు అవతలివాళ్లకి ఆ చెయ్యి కనపడదు.

మూడోది మోగింది.